కాశికి మూడు త్రోవలు: గడచిన సంవత్సరపు పఠనము



గడచిన విద్యాసంవత్సరమున మన గ్రంథాలయమునుండి ఎన్ని పుస్తకములు ఇండ్లకు పోయినవో చిట్టా చూచినవారికి తెలియును. ఆ లెక్కతో మాకిప్పుడు పనిలేదు. శుక్రవారపు సాయంకాలములందు పదవ తరగతివారితో కూర్చుండి మేము నిదానముగా చదివిన తెలుగు గ్రంథములు మూడు. వానిని గూర్చియే ఇచట వ్రాయుచున్నాము. "పరీక్షకు రాని పుస్తకములకు ఇంత కాలమేల?" యని తలిదండ్రులలో కొందఱు మమ్మడిగిరి. అది అడుగదగిన ప్రశ్నయే. దానికి మా సమాధానమును ఇందే వెదకికొనవలెను.

ఆ మూడు పుస్తకములు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర, కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖరచరిత్రము, గుఱ్ఱం జాషువాగారి గబ్బిలము. ఒకటి యాత్రావర్ణనము, ఒకటి నవల, ఒకటి పద్యకావ్యము. అయినను మూడింటను ఒక యూరిపేరు వినబడుచుండును. ఒకడు కాశికి పోయి వచ్చెను. ఒకడు బయలుదేరియు చేరలేకపోయెను. మఱియొకడు తాను కదలక గబ్బిలమును పంపెను.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, కోస్తా త్రోవను 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణము! నేడు రైలుబండిలో రెండు దినముల లోపలనే చెన్నపట్టణమునుండి కాశి చేరవచ్చును. వారు మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిన లేఖలే 1838లో పుస్తకమయ్యెను. ఏ మజిలీలో అంగళ్లు కలవు, ఏ యేటికి పడవ కావలెను, ఏ బాట రాళ్లబాట, ఏ యూర నీళ్లు మంచివి అను సంగతులే అందు మెండు. వ్యాకరణము పట్టుకొని చూచినచో వాక్యములు పండితులకు రుచింపవు. ఉరుదూ మాటలు, ఇంగ్లీషు మాటలు అడ్డులేక దొరలుచుండును. అయినను చిన్నయసూరిగారి నీతిచంద్రిక (1853) చదువునపుడు ఆవులించిన బాలురు దీనిని వినునపుడు ఆవులింపలేదు. సూరిగారియందు మాకు గౌరవము తక్కువకాదు. కాని కన్నులార చూచినదానిని చూచినట్లు వ్రాసిన వాక్యమునకు వేఱొక బలము కలదు. వ్యాసములు వ్రాయు బాలబాలికలు ఈ గ్రంథమున పది పుటలైన చదువుట మేలు.

రాజశేఖరచరిత్రమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. 1878లో వివేకవర్ధనియందు వెలువడ నారంభించి 1880లో పుస్తకమైన ఈ నవలలో గోల్డ్‌స్మిత్తుగారి వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు ఛాయ కొంత కలదు. ధవళేశ్వరపు గృహస్థు ముఖస్తుతులు పలుకువారిని నమ్మి, బంగారము చేసియిచ్చెదనన్న బైరాగిని నమ్మి, సర్వమును పోగొట్టుకొని, కాశీయాత్రయను పేరిట ఊరు విడచును. త్రోవలో దొంగలు దోచుకొనగా ఆ కుటుంబము పెద్దాపురము చెంతనున్న భీమవరమున ఆగిపోవును. (పశ్చిమగోదావరిలోని భీమవరమని తరగతిలో సగముమంది తలచిరి. అది వేఱు, ఇది వేఱు.) కథ కడపట అన్నియు చక్కబడుట మాకు మిక్కిలి సులభముగా తోచినది. బైరాగి ఘట్టమునకు మాత్రము పిల్లలు విరగబడి నవ్విరి. సొమ్ము రెట్టింపు చేసెదమను సందేశములు నేడు చేతిఫోనులకే వచ్చుచున్నవి కావున, ఆ పాత్రను వారికి విడమఱచి చెప్పవలసిన పనిలేకపోయెను.

గబ్బిలమునకు మాత్రము ఆఱు శుక్రవారములు పట్టినవి. 1941లో వెలువడిన ఈ కావ్యమును గ్రహించుటకు ముందు కాళిదాసుని మేఘసందేశపు కథ తెలియవలెను. అందు ప్రవాసియైన యక్షుడు ప్రియురాలికి మేఘముచేత సందేశమంపును. నలునికథలో రాయబారి హంస. జాషువాగారి నాయకునికి మేఘమును లేదు, హంసయు లేదు. అతడు అస్పృశ్యుడని వెలివేయబడినవాడు, అన్నము చాలనివాడు. అతని గుడిసెకు వచ్చునది గబ్బిలము. లోకులు అశుభమని తఱుముకొట్టు ఆ ప్రాణికి దేవాలయపు చూరున వ్రేలాడు స్వేచ్ఛ కలదు. మనుష్యుడైన అతనికి గడప దాటు హక్కు లేదు. కావున కాశికి పోయి, శివుని సన్నిధిని అర్చకుడు లేని వేళ కనిపెట్టి, తన కథను విన్నవింపుమని దానిని వేడుకొనును. 1895లో వినుకొండలో జన్మించి, ఉపాధ్యాయవృత్తిలో అనేక సంవత్సరములు గడపిన కవి, పండితులు మెచ్చిన ఛందస్సులోనే, పండితులు కాదనలేని తెలుగులోనే ఈ మాట చెప్పెను. కోపమును పద్యమునందు ఇంత అదుపుతో నిలిపిన గ్రంథములు మేమెఱిగినంతలో అరుదు.

ఒక బాలిక లేచి, 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది కదా, ఇక ఈ కావ్యమెందులకని అడిగెను. మేము బదులు చెప్పకమునుపే వెనుక బల్లనుండి ఒక బాలుడు, తన తాత యిప్పటికిని ఒకానొక వీధిలో చెప్పులు చేతబట్టి నడచునని మెల్లగా చెప్పెను. ఎవరును నవ్వలేదు. గంట కొట్టినను కొంతసేపు ఎవరును లేవలేదు.

మఱుసటి వారము ఆ బాలుడే మఱియొకటి అడిగెను: "అయ్యా, వీరాస్వామయ్యగారి పల్లకి మోసిన బోయీలు కాశీయాత్ర వ్రాసియుండినచో ఎట్లుండెడిది?" ఆ ప్రశ్నతో మొదటి పుస్తకమును మరల తెఱచితిమి. నూఱుమందికి దగ్గఱగానున్న ఆ పరివారముతో కొండ యెక్కిన చోట్లను, వాన కురిసిన చోట్లను, బురదబాటలను గుర్తుపెట్టి చదివితిమి. అవే వాక్యములు. కాని ఈసారి పిల్లలు పల్లకిలోనుండి గాక, కొమ్మును మోయు భుజముమీదినుండి వినుచుండిరి. వీరాస్వామయ్యగారి నిదానమైన లెక్కలు లేకున్నచో అట్లు వినుటకు ఆధారమే లేదు. త్రోవ యెట్టిదో ఆయన దాచక వ్రాసెను. విశేషమేమనగా, ఆ గ్రంథమును దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి ప్రకటించినదియు 1941లోనే, అనగా గబ్బిలము వెలువడిన యేటనే.

పిల్లలు పెద్ద కాగితముమీద ఒక పటము గీచి గ్రంథాలయపు గోడకు అంటించిరి. వీరాస్వామయ్యగారి త్రోవ నీలిసిరాతో దేశమంతయు చుట్టివచ్చినది. రాజశేఖరుని త్రోవ ఎఱ్ఱసిరాతో జానెడైన లేదు. గబ్బిలపు త్రోవను చుక్కలతో గీచిరి. బోయీల ప్రశ్న యడిగిన బాలుడు నీలిగీత ప్రక్కనే సన్నని పెన్సిలు గీత నొకదానిని మొదలుపెట్టి కడపవఱకు తెచ్చినాడు. మిగిలినది వేసవి సెలవుల తరువాత గీచెదనని చెప్పినాడు. మూడు పుస్తకములును పటము క్రింది బీరువాలో, రెండవ అరలో నున్నవి.