తుంటి ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఒళ్లు తుడవడం ఎలా?

తుంటి కీలు మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన పెద్దావిడ మొదట అడిగేది స్నానమే. కుట్లు గానీ పిన్నులు గానీ సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. నీళ్లు తగిలినా ఫర్వాలేని కట్టు అని డాక్టరు చెబితే తప్ప, అప్పటిదాకా ఒళ్లు తుడుచుకోవడమే మేలు.

ముందు వేళ నిర్ణయించుకోండి. పరామర్శకు చుట్టాలు పొద్దున్నే దిగుతారు, వాళ్లు రాకముందే పని కానిచ్చేయాలి. నొప్పి మాత్ర వేసిన అరగంట, ముప్పావుగంటకైతే కదలడం కాస్త సులువు. రెండు బేసిన్లు (సబ్బునీళ్లకొకటి, మంచినీళ్లకొకటి), మెత్తటి గుడ్డలు, రెండు తువ్వాళ్లు, ఉతికిన బట్టలు అన్నీ చేతికందేలా సర్దుకోండి. ఫ్యాను ఆపి, తలుపు వేయండి. నీళ్ల వేడి మోచేత్తో చూడండి. షుగరున్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి చురుక్కుమన్నా వాళ్లకు తెలియకపోవచ్చు.

తుడవడం ముఖంతో మొదలుపెట్టండి. కళ్లకు సబ్బు వద్దు, ముక్కువైపు నుంచి బయటికి తుడవాలి. తర్వాత మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్లు. తుడిచే భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పే ఉంచండి. రొమ్ముల కింద, గజ్జల్లో, కాలివేళ్ల సందుల్లో తడి మిగిలితే ఒరుస్తుంది, దురద పెడుతుంది. అక్కడ రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

వీపు దగ్గర జాగ్రత్త. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, ఆపరేషన్ కాని వైపు తిప్పండి. నడుము కింద, మడమల మీద చర్మం చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోలేదంటే పడకపుండుకు అది తొలి గుర్తు. అక్కడ మాలిష్ చేయకండి, బరువు పడకుండా చూసి డాక్టరుకు చెప్పండి.

మర్మాంగాలు చివర్న, నీళ్లూ గుడ్డా మార్చాకే. గుడ్డ ఆవిడ చేతికిచ్చి మీరు అటు తిరగండి. చేయగలిగినంత ఆవిడనే చేసుకోనివ్వాలి, కూతురి ముందైనా సిగ్గు సిగ్గే. తుడవడం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి. లేదంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశముంది.

పైజమా అయితే ఆపరేషన్ కాలికి ముందు తొడగండి, తీసేటప్పుడు ఆ కాలిది చివర. నైటీ అయితే ఈ గొడవే లేదు.

కట్టు దగ్గర పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ వద్దు, పక్కింటి పిన్నిగారు ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

కుట్లు తీశాక డాక్టరు సరేనంటే బాత్రూంలో స్నానం. స్నానాల పీట, ముక్కాలిపీట అటక మీద పెట్టేయండి. మోకాలు తుంటి కన్నా పైకి లేస్తే కొత్త కీలు జారే ప్రమాదముంది. ఎత్తయిన, కదలని కుర్చీ వేయండి, తడి నేల తుడవండి. కాళ్ల దగ్గర సబ్బు పడినా ఆవిడ వంగకూడదు, మీరే తీసివ్వండి. నేలబారు మరుగుదొడ్డి బదులు ఎత్తయిన కమోడ్ వాడాలి.

గాయం నుంచి చీము, వాసన, జ్వరం, పిక్కలో వాపు, నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. హఠాత్తుగా ఆయాసం గానీ గుండెల్లో నొప్పి గానీ వస్తే ఆగకుండా 108కి చేయండి.