జోడీ ఉంటేనే పోటీకి వస్తానంటే...

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల్లో వాళ్ల అన్నయ్య కంటే చురుకు. అయినా ఏ పోటీకీ ఒక్కతే పేరివ్వదు, స్నేహితురాలు తోడుంటేనే వస్తానంటుంది. ఇది పిరికితనమా?
– ఒక తల్లి, శాలిబండ, హైదరాబాద్

జవాబు: కాదమ్మా, ఆ మాట పిల్ల ముందు అస్సలు అనకండి. నీడర్లే, వెస్టర్‌లండ్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో యువతీ యువకుల చేత రెండంకెల సంఖ్యలు ఐదేసి కూడించారు. 2007లో ఫలితాలు వెలువడ్డాయి. పనితనంలో ఇద్దరూ సమానమే. కానీ నలుగురిలో ఫస్టొస్తేనే డబ్బులన్న పద్ధతిని మగవాళ్లలో 73 శాతం ఎంచుకుంటే, ఆడవాళ్లలో 35 శాతమే ఎంచుకున్నారు. తామే ఫస్టని నమ్మినవాళ్లు మగవాళ్లలో 75 శాతం, ఆడవాళ్లలో 43. మీ అమ్మాయికీ కొరవడింది ఆ నమ్మకమే కావచ్చు.

2011లో హీలీ, పేట్ ప్రచురించిన ప్రయోగంలో ఇద్దరిద్దరిని జట్టు కడితే పోటీని ఎంచుకోవడంలో ఆడా మగా మధ్య ఉన్న ఈ తేడా మూడింట రెండొంతులు తగ్గింది. కాబట్టి జోడీ అడగడం తెలివైన పనే.

పుట్టుగుణం అని సరిపెట్టుకోవడమూ కుదరదు. ఆస్తి ఆడపిల్లకు దక్కే మేఘాలయ ఖాసీల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లే పోటీకి ఎక్కువ మొగ్గారని 2009లో మరో అధ్యయనం చూపించింది. అంతెందుకు, ఒంటరిగా తలపడే కరాటేలో మన హైదరాబాద్ అమ్మాయి సయ్యదా ఫలక్ పేరు మీరు వినే ఉంటారు.

స్కూలు క్విజ్‌లలో ఇద్దరేసి జట్టు మామూలే, అక్కడ మొదలుపెట్టనివ్వండి. ఇంట్లో మాత్రం తన మీద తనకు నమ్మకం కుదిరేలా అన్నయ్య రాసిన పేపరే, అంతే టైం పెట్టి రాయించి, ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి చూపించండి.