పాత కంప్యూటరునకు గాలి, చలువ

నందికొట్కూరు ప్రాంతమున వేసవి యెండ 40 డిగ్రీలు దాటుట పరిపాటి. ఆ వేడిమికి పంచాయతీ కార్యాలయములందలి పాత కంప్యూటర్లును తాళజాలవు. 2020లో ఈ-గ్రామ్ స్వరాజ్ వచ్చిన పిమ్మట పంచాయతీ జమాఖర్చులు కంప్యూటరు మీదనే సాగుచున్నవి. అది నడుమ ఆగినచో పని చేసినవారి బిల్లును ఆగును.

కంప్యూటరు పెట్టెలోని ప్రధానమైన చిప్పుపై లోహపు రెక్కలును, వానిపై ఫ్యానును ఉండును. రెక్కలు వేడిని గ్రహించును. ఫ్యాను దానిని వెడలగొట్టును. రెక్కల సందులలో దుమ్ము పేరుకొనినచో గాలి ఆడదు. అప్పుడు చిప్పు మొదట తన వేగమును తగ్గించుకొనును. దాని వేడి 100 డిగ్రీల దరిదాపునకు చేరినచో యంత్రమే ఆగిపోవును.

దీనిని నివారించుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పెట్టెను నేలపై గాక బల్లపై, గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను. మూడు నెలలకొకసారి ప్లగ్గు తీసి, మూత తెరచి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులుపవలెను. చల్లగాలి ముందునుండి లోనికి వచ్చి, వేడిగాలి వెనుకనుండి వెలుపలికి పోవలెను. చిప్పునకును రెక్కలకును నడుమ నుండు పేస్టు ఎండినచో మెకానిక్కుచే మార్పింపవలెను. మూత తీసి నడుపుట మేలని కొందరు తలంతురు. అట్లు చేసిన దుమ్ము మరింత చేరును.

పంచాయతీ సభ్యులు వేసవికి ముందే ఈ పని చేయింపవలెనని మా మనవి.