నాణెమంత తాబేలు, ముప్పై ఏళ్ల బాధ్యత

అక్వేరియం దుకాణాల్లో గాజు తొట్టెలో ఈదుతూ కనిపించే ఆకుపచ్చని తాబేటి పిల్ల ఐదు రూపాయల నాణెం కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. కంటి వెనుక ఎర్రని చార దాని గుర్తు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అని పిలిచే ఈ జాతి స్వస్థలం అమెరికాలోని మిసిసిపి నదీ ప్రాంతం, ఈశాన్య మెక్సికో. పిల్లలు ముచ్చట పడ్డారనో, ఇంటికి కలిసివస్తుందనో చాలామంది కొంటారు. సరిగ్గా చూసుకుంటే ఇది 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. కానీ తొలి ఏడాది కూడా గడవకుండానే చనిపోయేవి ఎన్నో. ఈ తేడాకు ముఖ్య కారణాలు మూడు: వేడి, వెలుతురు, నీరు.

ఒంటికి వేడి బయటి నుంచే

తాబేలు తన శరీర ఉష్ణోగ్రతను మనలా లోపలి నుంచి నిలబెట్టుకోలేదు. పరిసరాలు చల్లబడితే దాని జీర్ణక్రియ మందగిస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అందుకే పిల్ల తాబేలు ఉండే నీరు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చలికాలపు రాత్రుల్లో దీనికి అక్వేరియం హీటర్ అవసరమవుతుంది. నీటిపైన ఒంటిని పూర్తిగా ఆరబెట్టుకునే మెట్టు ఒకటి ఉండాలి. అక్కడ దీపం వేడి 32 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ఇలా చల్లని చోటు, వెచ్చని చోటు రెండూ ఉంటే తనకు కావలసిన ఉష్ణోగ్రతను తాబేలే వెతుక్కుంటుంది.

కిటికీ అద్దం ఆపేసే కిరణాలు

డిప్ప అంటే తాబేలు మోసుకు తిరిగే పెంకు కాదు, దాని అస్థిపంజరంలో భాగమే. డిప్ప గట్టిపడాలంటే కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత-బి కిరణాలు చర్మంపై పడినప్పుడు ఈ విటమిన్ తయారీలో తొలి దశ జరుగుతుంది. రెండో దశకు శరీరంలోని వేడి తోడ్పడుతుంది. అంటే ఎండలోని వెలుతురు, వేడి రెండూ అవసరమే.

కిటికీ పక్కన తొట్టె పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మామూలు గాజు కంటికి కనిపించే కాంతిని లోపలికి వదులుతుంది, ఈ కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. ఫలితంగా డిప్ప మెత్తబడుతుంది, వంకరపోతుంది. సరీసృపాల కోసం తయారుచేసిన యూవీబీ దీపాన్ని తాబేటికి అద్దం అడ్డు లేకుండా అమర్చడమే దీనికి మార్గం. దీపం వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకు అందులో యూవీబీ తగ్గిపోతుంది. కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు దాన్ని మార్చాలి. నేరుగా ఎండలో ఉంచితే సగం నీడ తప్పనిసరి. చిన్న తొట్టెలో నీరు నిమిషాల్లో ప్రమాదకరంగా వేడెక్కుతుంది.

నీటిలో కనిపించని విషం

తాబేలు విసర్జకాలు, మిగిలిన తిండి కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నీరు తేటగా కనిపించినా అది కళ్లను, చర్మాన్ని బాధిస్తుంది. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై తక్కువ హాని చేసే నైట్రేట్‌గా మారుస్తాయి. క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో స్పాంజిని కడిగితే ఈ బాక్టీరియా చనిపోతాయి. తొట్టెలోంచి తీసిన పాత నీటిలోనే దాన్ని పిండాలి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. అడుగున సన్నని గులకరాళ్లు వేయకూడదు. తాబేలు వాటిని మింగితే పేగుల్లో అడ్డం పడతాయి.

తిండి, జబ్బు, జాగ్రత్త

ఈ తాబేలు నీటిలోనే మింగగలదు. పిల్లగా ఉన్నప్పుడు మాంసాహారం ఎక్కువ కావాలి, పెరిగేకొద్దీ ఆకులు, నీటి మొక్కల వాటా పెరగాలి. దుకాణాల్లో అమ్మే ఎండు రొయ్యలే రోజూ పెడితే పోషకాలు చాలవు. తాబేళ్ల కోసం చేసిన గుళికలు ప్రధాన ఆహారంగా ఉండాలి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి కనుక దాన్ని తగ్గించాలి. కళ్లు ఉబ్బడం, ఒక పక్కకు ఒరిగి తేలడం, ముక్కు నుంచి బుడగలు రావడం, తిండి మానేయడం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

తాబేలు ఆరోగ్యంగా ఉన్నా దాని ఒంటిపై సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. చిన్నపిల్లలకు సోకుతున్న కారణంగానే అమెరికా 1975లో 4 అంగుళాల కంటే చిన్న డిప్ప గల తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టెను వంటింటి సింకులో కడగకూడదు.

చెరువులో వదిలితే?

నాణెమంత పిల్ల పెరిగి ఆడదైతే 25 నుంచి 30 సెంటీమీటర్లకు చేరుతుంది. అప్పుడు దానికి దాదాపు 400 లీటర్ల నీరు కావాలి. చాలామంది చెరువులో వదిలేసేది ఈ దశలోనే. అక్కడ అది ఎండ కాగే చోటు కోసం, తిండి కోసం స్థానిక తాబేళ్లతో పోటీ పడుతుంది, వాటికి రోగాలు అంటించవచ్చు. ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఈ స్లైడర్ ఉంది. అస్సాం, కేరళ జలాశయాల్లో ఇది ఇప్పటికే కనిపించింది.

స్థానిక జాతిని తెచ్చుకోవడమూ పరిష్కారం కాదు. నక్షత్ర తాబేలు, ఫ్లాప్‌షెల్ తాబేలు వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. వాటిని ఇంట్లో పెంచడం నేరం. ఇప్పటికే పెంచుతున్న స్లైడర్‌ను ఇక సాకలేమనిపిస్తే బాధ్యతగా చూసుకునేవారికి అప్పగించాలి, లేదా అటవీశాఖను, జంతు సంరక్షణ కేంద్రాన్ని సంప్రదించాలి. ఇంకా కొననివారు మాత్రం ముప్పై ఏళ్ల లెక్క వేసుకున్నాకే దుకాణం మెట్లు ఎక్కడం మంచిది.