చలనచిత్రమునకు తగిన జూమ్ లెన్సు



మన పాఠశాలలో వార్షికోత్సవము గాని, క్రిస్మసు నాటకము గాని సమీపించినప్పుడెల్ల పెద్ద తరగతుల బాలురును బాలికలును నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వీడియో తీయుటకు ఏ లెన్సు కొనవలెను?" అని యడుగుచుందురు. తలిదండ్రులును ఇదే ప్రశ్న వేయుదురు. సొమ్ము చెల్లింపవలసినవారు వారే గదా. ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పుటకంటె ఈ సంచికలో అందరికిని ఒక్కమారు వ్రాసి చెప్పుట మేలని తలచితిని.

మొదట నా పొరపాటును చెప్పుకొనెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలపు కూటములో మన సంఘపు వృద్ధులొకరు తమ బాల్యమునాటి సంగతులను ఇరువది నిమిషములు చెప్పిరి. నేను వెనుక వరుసలో నిలిచి, కెమెరాతోకూడ వచ్చిన లెన్సుతో చిత్రించితిని. వారి ముఖమును దగ్గరగా చూపవలెనని జూమ్ త్రిప్పితిని. త్రిప్పినకొలది చిత్రము చీకటియయ్యెను. ఫోకసు చెదరెను. దానిని సరిచేయుటకు లెన్సులోని మోటారు చేసిన కరకర శబ్దము ఆ వృద్ధుని మాటలపై పడెను. మరుసటి ఏడు వారు ప్రభువునందు నిద్రించిరి. వారి మనుమలు ఆ చిత్రమును అడిగినప్పుడు, మసకగానున్న ముఖమును, సగము వినబడు మాటలను మాత్రమే ఇయ్యగలిగితిని. ఆ దినమునుండి ఈ విషయమును శ్రద్ధతో నేర్చుకొంటిని.

డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా మొదట నిశ్చలచిత్రములకై ఏర్పడినది. అట్టి కెమెరాలలో చలనచిత్రము తీయు శక్తి గలిగి మొట్టమొదట వచ్చినది 2008వ సంవత్సరములో నికాన్ సంస్థ యొక్క డి90. అదే యేట కానన్ 5డి మార్క్ 2 వెలువడెను. కావున వీటికి అమరు లెన్సులలో పెక్కు నిశ్చలచిత్రములను మనసునందుంచుకొని చేసినవే. ఫోటోకు మంచిదైన లెన్సు వీడియోకును మంచిదనుకొనరాదు.

సంఖ్యల యర్థము

లెన్సుపై 18–55 అని యున్నచో, దాని నాభ్యంతరము 18 మిల్లీమీటర్లనుండి 55 మిల్లీమీటర్లవరకు మారునని యర్థము. సంఖ్య చిన్నదైనకొలది విశాలమైన దృశ్యమును, పెద్దదైనకొలది దూరపు వస్తువును దగ్గరగాను చూపును. దీనిని మీ లెక్కల నోటుపుస్తకములోనే కట్టవచ్చును. సామాన్యముగ విద్యార్థులు కొను కానన్ కెమెరాలలో సెన్సారు వెడల్పు సుమారు 22.3 మిల్లీమీటర్లు. ఆ వెడల్పును నాభ్యంతరముచే భాగించి, మనకును వేదికకును గల దూరముచే గుణించినచో, చిత్రములో పట్టు వెడల్పు వచ్చును.

ఎనిమిది మీటర్ల దూరమున నిలిచితిమనుకొనుడు. 18 వద్ద సుమారు 9.9 మీటర్ల వెడల్పు, అనగా వేదిక యంతయు పట్టును. 50 వద్ద 3.6 మీటర్లు, అనగా ప్రక్కప్రక్కన నిలిచిన నలుగురైదుగురు బాలురు. 135 వద్ద 1.3 మీటర్లు, అనగా ఒక్కరి ఛాతీవరకు. అయితే 50 వద్దనే లెన్సునుంచి మనము మూడు మీటర్ల దూరమునకు నడచిపోయినచో ఆ 1.3 మీటర్ల దృశ్యమే దొరకును. ఈ లెక్కను మరువకుడు. ముందుకు దీని యవసరము కలదు. కొన్ని కెమెరాలు 4కె చిత్రించునపుడు సెన్సారు నడిమి భాగమునే వాడును. అప్పుడు దృశ్యము ఇంకను ఇరుకగును. దీనిని కొనకముందే విచారింపవలెను.

వెలుతురు సంగతి

రెండవ సంఖ్య ఎఫ్ అను అక్షరముతో నుండును. నాభ్యంతరమును ఈ సంఖ్యచే భాగించినచో వెలుతురు లోనికి వచ్చు ద్వారము, అనగా అపర్చరు, యొక్క వ్యాసము తెలియును. 55 మిల్లీమీటర్ల వద్ద ఎఫ్/5.6 అనగా ద్వారము 10 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. 50 మిల్లీమీటర్ల వద్ద ఎఫ్/2.8 అనగా దాదాపు 18 మిల్లీమీటర్లు. ఎఫ్ సంఖ్య సగమైనచో సెన్సారుపై పడు వెలుతురు నాలుగింతలగును.

కెమెరాతో వచ్చు 18–55 లెన్సుపై ఎఫ్/3.5–5.6 అని సాధారణముగ నుండును. అనగా ద్వారమును పూర్తిగ తెరచినప్పటికిని, 18 వద్దనున్న వెలుతురు 55కు త్రిప్పునప్పటికి సుమారు రెండున్నర రెట్లు తగ్గును. నా చిత్రము చీకటియగుటకు కారణమిదియే. 17–50 ఎఫ్/2.8 వంటి లెన్సులలో ఎంత త్రిప్పినను ఎఫ్/2.8 మారదు.

ఫోటో తీయువాడు వెలుతురు చాలనిచో షట్టరును ఎక్కువసేపు తెరచియుంచవచ్చును. వీడియో తీయువానికి ఆ స్వేచ్ఛ లేదు. సెకనుకు 25 చిత్రములు తీయునప్పుడు షట్టరు వేగము సెకనులో 50వ వంతుగ నుంచుట ఆచారము. అట్లుంచినచో కదలిక కంటికి సహజముగ కనబడును. పైగా మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది గనుక, ఆ వేగమున దీపముల మినుకుమినుకు చిత్రమునందు కనబడదు. కావున దీపకాంతిలో చిత్రించువానికి మిగిలిన దారులు రెండే: ద్వారమును పెద్దదిచేయుట, లేక ఐ.ఎస్.ఓ. పెంచుట. ఐ.ఎస్.ఓ. మిక్కిలి పెంచినచో చిత్రమంతయు ఇసుక చల్లినట్లగును.

ఫోకసు, శబ్దము, వణకు

సినిమాలకై చేసిన ఖరీదైన జూమ్ లెన్సులలో ఎంత త్రిప్పినను ఫోకసు చెదరదు. మన లెన్సులలో పెక్కింటికి ఆ గుణము లేదు. కావున చిత్రించుచు జూమ్ త్రిప్పుట మానవలెను. ముందుగా త్రిప్పి, ఫోకసు చేసి, పిమ్మట చిత్రించుట మొదలిడవలెను. జూమ్ అనునది ఒక దృశ్యమునకును మరియొక దృశ్యమునకును నడుమ వాడుకొను సాధనము.

మోటారు సద్దును కూడ పరీక్షింపవలెను. కానన్‌లో ఎస్.టి.ఎం. అని వ్రాసిన లెన్సులు వీడియో నిమిత్తము మెల్లగను నెమ్మదిగను ఫోకసు చేయునట్లు చేసినవి. సద్దుచేయు లెన్సే చేతనున్నచో, ఆటోఫోకసు నాపి, చేతితోనే ఫోకసు చేయవలెను. వేరుగా ఒక మైకును మాటలాడువారి దగ్గరనుంచవలెను. ఇక చేతి వణకును తగ్గించు సాధనము కలదేమో చూడవలెను. కానన్ దానిని ఐ.ఎస్. అనియు, నికాన్ వి.ఆర్. అనియు, సిగ్మా ఓ.ఎస్. అనియు, టామ్రాన్ వి.సి. అనియు వ్రాయుదురు. పేర్లు వేరైనను పని యొక్కటే. ట్రైపాడు వాడువారికి దీని యక్కఱ తక్కువ.

ఆరుబయట చిత్రించుట

మన ఖానాపూరు చుట్టుపట్ల చిత్రింపదగినవి హాలులోనే లేవు. కడెము జలాశయము కలదు. దీపావళి దినములలో గోండు సోదరుల దండారి, నెమలియీకల కిరీటములతో గుస్సాడీ నృత్యము కలవు. ఎండలో వెలుతురు కొదువ కాదు, అధికమే కష్టము. నడిమధ్యాహ్నపు ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద, షట్టరు 50వ వంతు నుంచినచో ద్వారమును ఎఫ్/22 వరకు మూయవలసివచ్చును. ఎఫ్/2.8 వద్ద తీయగోరినచో వెలుతురును 64వ వంతునకు తగ్గించు ఎన్.డి. ఫిల్టరు కావలెను. ఫిల్టరు కొలత లెన్సు ముఖమును బట్టి యుండును; చిన్న లెన్సులకు 58, పెద్దవాటికి 77 మిల్లీమీటర్ల ఫిల్టర్లు కావలసివచ్చును. ఆ వ్యయమును కూడ లెన్సు ధరలో చేర్చుకొనవలెను.

నర్తకుల నడుమకు పోరాదు గనుక, ఇట్టిచోట్ల 18–135 లెన్సు మిక్కిలి యనుకూలము.

ఏది కొనవలెను?

ఇప్పుడు తీర్పు చెప్పెదను. పగటివేళ, ఆరుబయట మాత్రమే చిత్రించువారికి 18–135 చాలును. ధర తక్కువ, దూరము ఎక్కువ. కాని పాఠశాలకును, సంఘమునకును, ఇంటికిని ఒక్కటే లెన్సు కొనువారు వణకు తగ్గించు సాధనము గల 17–50 ఎఫ్/2.8 జాతి లెన్సును కొనవలెనని నా యభిప్రాయము. దూరపు కొరతను మన కాళ్లు తీర్చగలవు. ఎనిమిది మీటర్లనుండి మూడు మీటర్లకు నడచిన లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. వెలుతురు కొరతను కాళ్లు తీర్పజాలవు. పెద్ద సంఖ్యను చూచి భ్రమపడక, మనము చిత్రింపవలసిన చోటులలో మిక్కిలి చీకటిగల చోటును తలచుకొని లెన్సును ఎన్నుకొనుడు.

సొమ్ము లేనివారు చింతింపనక్కఱలేదు. ఉన్న 18–55నే 18 దగ్గరనుంచి, ముందు వరుసలో కూర్చుండి, వేదికపై మరి రెండు దీపములు పెట్టించినచో చక్కని చిత్రము వచ్చును. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనన్న సువార్తలోని ఉపమానము మీరెరిగినదే. అప్పుచేసి లెన్సు కొనుట తగదు.

కెమెరా సంస్థలు నేడు తమ దృష్టిని అద్దము లేని కెమెరాలవైపు మరల్చినందున, డి.ఎస్.ఎల్.ఆర్. లెన్సులు వాడినవి చౌకగా దొరకుచున్నవి. అట్టివి కొనునప్పుడు ఈ అయిదు పరీక్షలు చేయుడు.

1. తెల్లగోడను చూపుచు, కెమెరాను మాన్యువల్‌లోనుంచి, ద్వారమును పూర్తిగ తెరచి, జూమ్ త్రిప్పుడు. చిత్రము చీకటియగునేమో కనుడు.
2. వార్తాపత్రిక అక్షరములపై పెద్ద సంఖ్య వద్ద ఫోకసు చేసి, చిన్న సంఖ్యకు త్రిప్పి, చెదరినదేమో చూడుడు.
3. నిశ్శబ్దమైన గదిలో ఒక నిమిషము చిత్రించి, మోటారు సద్దు వినుడు.
4. లెన్సును క్రిందికి వంచి పట్టుకొనుడు. జూమ్ తనంతట జారినచో అది వదులైనది.
5. టార్చి వెలుతురును లెన్సు గుండ ప్రసరింపజేసి చూడుడు. సాలెగూటివంటి పోగులు కనబడినచో అది బూజు. మన వానకాలపు తేమలో అది పెరుగును. అట్టిదానిని కొనకుడు. మంచిదానిని సిలికా జెల్ పొట్లములతో మూతగల డబ్బాలో భద్రపరచుడు.

కడపట ఒక మాట. 1940ల ప్రాంతమున హైమెన్‌డార్ఫ్ అను పండితుడు మన జిల్లాల గోండుల నడుమ, మార్లవాయి గ్రామమున నివసించి, వారి జీవితమును వ్రాతలయందును ఛాయాచిత్రములయందును నిలిపెను. ఆ చిత్రములు లండనులోని సోయాస్ విద్యాసంస్థలో నేటికిని భద్రముగనున్నవి. ఆ మార్లవాయికే చెందిన గుస్సాడీ గురువు కనక రాజుగారు 2021లో పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికయి, 2024లో మరణించిరి. గురువు పోయిన పిదప, శిష్యుల దేహములందు మిగిలినదియు, ఎవరైనను శ్రద్ధతో చిత్రించి దాచినదియు మాత్రమే మనకు దక్కును.

మీ యిండ్లలోను తాతలు, అవ్వలు కలరు. వారి మాటలు, పాటలు, పని చేయు చేతులు కలవు. లెన్సు వచ్చువరకు వేచియుండక, ఈ సెలవులలోనే కిటికీప్రక్క వెలుతురులో వారిని కూర్చుండబెట్టి, మీరు దగ్గరగా కూర్చుండి చిత్రింపుడు. నేను ఆ సాయంకాలము చేయవలసిన పని యదియే, చేయకపోతిని. మీరు చేయుడు.