సన్‌మైకా బల్లకు రంగు వేయబోయే ముందు

డాలస్ చుట్టుపక్కల కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ల ఇళ్లలో మొదటి ఏడాది సామాను చాలావరకు ఇంకొకరి ఇంట్లోంచి వచ్చిందే. ఇండియా తిరిగి వెళ్లిపోయేవాళ్లు వాట్సాప్ గ్రూపులో ‘మూవింగ్ సేల్’ అని ఫొటోలు పెడతారు. రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్ పిల్లలు మే నెలలోనూ, జులై ఆఖర్లోనూ గదులు ఖాళీ చేస్తూ వచ్చినకాడికి అమ్మేస్తారు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, గుడ్‌విల్, హ్యాబిటాట్ వాళ్ల రీస్టోర్ ఉండనే ఉన్నాయి. బేరం బాగానే కుదురుతుంది. తీరా ఇంటికి తెచ్చి చూస్తే పైన కప్పుల మరకలు, గీతలు, ఒక మూల లేచిన అంచు. రంగు వేస్తే పోలా అనిపిస్తుంది.

వెయ్యొచ్చు. కానీ అన్నిటికీ కాదు.

ముందు డబ్బు లెక్క చూడండి. ప్రైమర్ చిన్న డబ్బా, రంగు చిన్న డబ్బా, రోలరు, ఉప్పు కాగితం, జిడ్డు వదిలించే మందు, వీటన్నిటి మీద 8.25 శాతం పన్ను. 70 డాలర్లు ఇట్టే దాటుతుంది. ఆ డబ్బుకు ఫ్రిస్కో ఐకియాలో చిన్న షెల్ఫు కొత్తదే వస్తుంది. కాబట్టి 15 డాలర్ల బల్ల ఒక్కదాని కోసం ఇంత సరంజామా కొనడం తెలివైన పని కాదు. టీవీ స్టాండు, పుస్తకాల షెల్ఫు, డ్రెస్సరు మూడూ ఉంటేనో, పక్క ఫ్లాటువాళ్లు కూడా కలిస్తేనో గిట్టుబాటవుతుంది. హోమ్ డిపోలో ఎవరో కలిపించుకుని వద్దనుకున్న రంగులను తగ్గింపు ధరకు అమ్ముతారు. రంగు మీద మరీ పట్టుదల లేనివాళ్లు ఆ డబ్బాలు ఉన్నాయేమో అడగండి.

కొనేటప్పుడు డ్రాయరు పూర్తిగా బయటికి లాగి, లోపల మేకు కన్నం దగ్గర చూడండి. చెక్క ముక్కలను జిగురుతో అదిమినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. పిండిలా నున్నగా ఉంటే ఎండీఎఫ్. పొరలు కనిపిస్తే ప్లైవుడ్, అదృష్టం. తర్వాత అడుగు అంచులు చేత్తో తడమండి. నేల తుడిచినప్పుడల్లా నీళ్లు తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డు ఆరాక కూడా మళ్లీ పాత మందానికి రాదు. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ ఉబ్బు అలాగే ఉంటుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి.

నల్లుల సంగతీ చూసుకోవాలి. ఫోన్ లైటు వేసి డ్రాయర్ల మూలలు, మేకుల కన్నాలు, వెనక అట్ట అంచులు వెతకండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. వస్తువు కళ్లతో చూడకుండా జెల్ (Zelle) ద్వారా అడ్వాన్సు పంపకండి, పంపిన డబ్బు వెనక్కి రావడం కల్ల. యూ-హాల్ పికప్ 19.95 డాలర్లని రాసి ఉన్నా మైలుకింతని వేరే పడుతుంది, దాన్నీ బేరంలో కలుపుకోండి.

ఇక ఏది వదిలేయాలో చెబుతాను. భోజనాల బల్ల పైభాగానికి రంగు వెయ్యకండి. పొయ్యి మీంచి దించిన కుక్కరు ఒక్కసారి పెడితే చాలు, వలయం పడి రంగు లేచిపోతుంది. అసలు లామినేట్ (మనం సన్‌మైకా అనేది) పాతదైనా మీరు వేసే రంగు కంటే వేడికీ తడికీ ఎక్కువ ఓర్చుకుంటుంది. బల్ల కాళ్లకు రంగు వేసి, పైన మందపాటి గుడ్డ పరుచుకోవడం మేలు. కుర్చీల చేతులదీ ఇదే కథ. చేతులు ఆనించే చోట రంగు నిలవదు.

పుస్తకాల షెల్ఫు, టీవీ స్టాండు, డ్రెస్సరు ముఖాలు మాత్రం చక్కగా వస్తాయి. ఇక్కడ పనితనమంతా రంగు డబ్బా తెరవకముందే ఉంది. లామినేట్ చెక్కలాగా రంగును పీల్చుకోదు, రంగు దాని పైనే నిలబడాలి. మధ్యలో జిడ్డుంటే ఎలా నిలబడుతుంది? వంటింటి పక్కన రెండేళ్లు ఉన్న షెల్ఫుకైతే కంటికి కనపడని తాలింపు జిడ్డు పట్టి ఉంటుంది. గిన్నెల సబ్బు దానికి చాలదు. క్రడ్ కట్టర్ లాంటి మందు కొట్టి తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు పసుపచ్చ, గోధుమ రంగు అంటడం ఆగేదాకా గుడ్డలు మార్చాలి. ఆ తర్వాత పిండిన తడిగుడ్డతో మందు ఆనవాలు లేకుండా తీసేయాలి. నీళ్లు కారే గుడ్డయితే అంచుల్లోంచి దిగి బోర్డును ఉబ్బిస్తుంది. ఇంతకు ముందువాళ్లు మెరుపు కోసం సిలికోన్ పాలిష్ కొట్టి ఉంటే రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అందుకే తుడవడంలో బద్ధకించవద్దు.

తర్వాత 150 నుంచి 220 నంబరు ఉప్పు కాగితంతో పైపైన రుద్దండి. మెరుపు పోయి మసకబారితే చాలు. ఊళ్లో వడ్రంగి టేకు బల్లను రుద్దినట్టు రుద్దితే పైనున్న పల్చటి పొర చిరిగి లోపలి బోర్డు బయటపడుతుంది. చౌకరకం సామానులో ఆ పొర అచ్చు వేసిన కాగితమే. లేచిన అంచు పట్టీకి ముందే వైద్యం చెయ్యాలి. వెనక వేడికి కరిగే జిగురున్న రకమైతే, మీద నూలుగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె మధ్యస్థం వేడిలో ఆనించి, చల్లారేదాకా చెక్కముక్కతో అదిమి పట్టండి.

ప్రైమర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. గోడలకు వేసే మామూలు ప్రైమర్ గోరుతో గీకితే ఊడివస్తుంది. నున్నటి ఉపరితలాలకు అతుక్కుంటుందని డబ్బా మీద రాసి ఉండాలి. ఈ పనికి పేరున్నవి జిన్సర్ బిన్, ఇన్సల్-ఎక్స్ స్టిక్స్. బిన్ లక్కతో చేసినది. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే ఇక్కడ ఆల్కహాల్‌లో కరిగి డబ్బాలో వస్తుంది. గంటలోపే ఆరుతుంది, పాత మరకలను పైకి రానివ్వదు. కానీ ఘాటు భరించలేం, పైగా దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. పొయ్యి వెలుగుతున్నప్పుడు, దేవుడి దగ్గర దీపం ఉన్నప్పుడు ఆ మూత తియ్యకండి. స్టిక్స్ నీటి రకం. వాసన తక్కువ, బ్రష్షు కుళాయి కింద కడుక్కోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు నా ఓటు దానికే. కాకపోతే పూర్తి పట్టు రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. వెనకవైపు చిన్న జాగాలో వేసి చూసి, ఆ గడువు అయ్యాక గోరుతో గీకండి. ఊడకపోతేనే ముందుకు వెళ్లండి.

రంగు సంగతి ఇక సులువు. ఎనామెల్ తీసుకోండి, గోడ రంగు కాదు. 4 అంగుళాల ఫోమ్ రోలరుతో పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒకసారి సన్న ఉప్పు కాగితం. టెక్సస్ జులై మధ్యాహ్నం గరాజ్‌లో వేస్తే రోలరు వెనకే రంగు గట్టిపడి చారలు తేలతాయి. చాలా డబ్బాల మీద 50 నుంచి 90 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య వెయ్యమని ఉంటుంది. వేసవిలో తెల్లవారుజామున చెయ్యండి, లేదా అక్టోబరు దాకా ఆగండి. బాల్కనీలో చేసుకునేవాళ్లు ముందు లీజు కాగితాల్లో దానికి ఒప్పుకుంటారో లేదో చదువుకోండి.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు. ముట్టుకుంటే అంటకపోవడానికి గంటలు చాలు, లోపల గట్టిపడటానికి నెల దాకా పడుతుంది. ఈలోగా బరువైన పుస్తకాలు పేరిస్తే అట్టలు అతుక్కుని, తీసినప్పుడు రంగుతో సహా వస్తాయి. చాలామంది ఇలాంటి షెల్ఫులో పై అరను దేవుడి గూడు చేసుకుంటారు. తెల్ల రంగు మీద పసుపు, కుంకుమ, నూనె చుక్క పడితే ఆ మరక వదలదు. అక్కడొక టైలు ముక్క వేసి, దాని మీద స్టీలు పళ్లెంలో దీపం పెట్టండి. పైన చెక్క ఉంటే దానికి తగలకుండా మంటకు ఎడం ఉండాలి.

మిగిలిన రంగు సింకులో పొయ్యకండి. నీటి రంగయితే మూత తీసి, పిల్లుల ఇసుక (క్యాట్ లిటర్) కలిపి గట్టిపడ్డాక చెత్తలో వేయవచ్చు. బిన్ లాంటివి మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణకు ఇవ్వాలి.

డ్రెస్సరు కొన్నవాళ్లకు ఇంకో పని ఉంది. పసిపిల్లలు తెరిచిన డ్రాయర్లు ఎక్కితే డ్రెస్సరు మీద పడిపోతుంది. ఇలా పిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా అమెరికాలో మాల్మ్ రకంతో సహా 2.9 కోట్ల డ్రెస్సర్లను వెనక్కి పిలిచింది. 2023 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యేవి పడిపోకుండా కొత్త ప్రమాణాలకు నిలవాలి. మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొనేది అంతకు ముందుదే కావచ్చు. గోడకు బిగించే పట్టీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఇక్కడి గోడలు ఇటుకవి కావు, జిప్సం అట్టలు. పట్టీ స్క్రూ ఆ అట్టలో దిగితే బరువు ఆపదు. వెనకున్న స్టడ్ అనే కర్రలో దిగాలి, అవి సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. అద్దె ఇల్లని వెనకాడకండి. ముందు లీజింగ్ ఆఫీసులో అడగండి, ఖాళీ చేసేటప్పుడు ఆ చిన్న కన్నాన్ని పుట్టీతో మూసేయవచ్చు. ఇంట్లో పిల్లలుంటే రంగు వచ్చే నెలకు వాయిదా వేసినా ఫర్వాలేదు, పట్టీ మాత్రం డ్రెస్సరు ఇంటికి వచ్చిన రోజే బిగించండి.