20 గజాల తోటకి ఎంతివ్వాలి?

ఘట్‌కేసర్ చుట్టూ కొత్త వెంచర్లలో కట్టిన చాలా ఇళ్లకి గేటుకీ గడపకీ మధ్య కొంచెం ఖాళీ జాగా మిగులుతుంది. ఇంటి లోన్, కప్‌బోర్డులు, గృహప్రవేశం భోజనాలు అన్నీ అయిపోయాక, చిట్టీ ఎత్తిన డబ్బుతో అక్కడ చిన్న తోట పెట్టిద్దాం అనుకుంటారు అమ్మావాళ్లు. గార్డెన్ పని చేసే ఆయన వచ్చి, అటూ ఇటూ నడిచి చూసి, "మొత్తం కలిపి 45 వేలు అవుతది మేడం" అంటాడు. ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "గింత జాగకు గన్ని పైసలా?"

నిజంగా ఎక్కువేనా? ఆ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. ప్రోగ్రామ్ తప్పు అవుట్‌పుట్ ఇస్తే మనం అవుట్‌పుట్‌నే చూస్తూ కూర్చోం కదా, ముక్కలు చేసి ఒక్కో ఫంక్షన్ చెక్ చేస్తాం. తోట కొటేషన్‌కి కూడా అదే పద్ధతి. దీనికి కావలసింది ఒక టేపు, ఒక గడ్డపార, ఎనిమిదో తరగతి లెక్కలు.

1. ముందు కొలత

మన దగ్గర జాగాని గజాల్లో చెప్తారు, పని రేట్లు మాత్రం చదరపు అడుగుల్లో ఉంటాయి. ఒక గజం అంటే 9 చదరపు అడుగులు. 20 గజాలంటే 180. ఇది మొత్తం జాగా. ఇందులో నడిచే దారికి రాళ్లు 30, మొక్కల మడి 50, గడ్డి 100 అనుకుందాం.

మొదటి తేడా ఇక్కడే దొరుకుతుంది. చాలామంది గడ్డి రేటుని మొత్తం 180కి కట్టేస్తారు. రాళ్ల కింద గడ్డి వేయరు కదా! కొటేషన్‌లో గడ్డికి ఎన్ని అడుగులు రాశారో చూస్తే 80 అడుగుల తేడా అక్కడే బయటపడుతుంది.

2. మట్టి లెక్క

గడ్డికీ మొక్కలకీ కలిపి 150 చదరపు అడుగుల్లో అర అడుగు మందాన ఎర్రమట్టి పోయాలి అనుకుంటే, 150 × 0.5 = 75 ఘనపుటడుగులు. వదులుగా పోసిన మట్టి నీళ్లు పడగానే కుంగుతుంది కాబట్టి ఇంకో 15 కలిపి 90 అనుకోండి.

ట్రాక్టర్ ట్రాలీ వచ్చినప్పుడు టేపు పెట్టి కొలవండి. పొడవు 10, వెడల్పు 6, ఎత్తు 1.5 అడుగులు ఉంటే అది సరిగ్గా 90. అంటే ఒక్క ట్రాలీ చాలు. కొటేషన్‌లో "మట్టి 3 ట్రాలీలు" అని ఉంటే, ఆ 270 ఘనపుటడుగుల్ని 150 అడుగుల్లో పరిస్తే 1.8 అడుగుల ఎత్తు వస్తుంది. తోట గడప దాటి ఇంట్లోకి వచ్చేస్తుంది!

అయితే ఇందులో పనివాళ్ల వైపు నుంచి చూడాల్సింది కూడా ఉంది. కొత్త వెంచర్లలో ప్లాట్లని మొరంతో లెవెల్ చేస్తారు. దాని మీద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంట్ పెచ్చులు, ఇటుక ముక్కలు, టైల్స్ ముక్కలు ఇంటి ముందే పూడ్చేస్తారు. గడ్డపారతో మూడు నాలుగు చోట్ల అడుగు లోతు పొడిచి చూడండి. ఖంగుమంటే, అది తవ్వి ఎత్తి బయట పారబోయడానికి ఇంకో రోజు పని ఉన్నట్టే. అప్పుడు రేటు పెంచడం మోసం కాదు, న్యాయం. ఆ పని చేయకుండా తక్కువకి ఒప్పుకుని, పెచ్చుల మీదే మట్టి కప్పి వెళ్లిపోయేవాడే అసలు ప్రమాదం. రెండు నెలల్లో గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంది.

3. మొక్కల సంఖ్య, కవర్ సైజు

50 అడుగుల మడిలో మొక్కకీ మొక్కకీ అడుగున్నర దూరం పెడితే ఒక్కోదానికి 2.25 చదరపు అడుగులు కావాలి. అంటే సుమారు 22 మొక్కలు. "60 మొక్కలు" అని రాస్తే మొదటి రోజు ఫొటోకి బాగుంటుంది. ఆరు నెలలకి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, సగం పీకేయాల్సి వస్తుంది.

రేటు మొక్క పేరు మీద కంటే కవర్ సైజు, మొక్క ఎత్తు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒకే మందారం చిన్న కవర్‌లో ఒక ధర, పెద్ద కుండీలో దానికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ నర్సరీలకి వచ్చే మొక్కల్లో చాలావరకు సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న తూర్పుగోదావరి కడియం వైపు నుంచే వస్తాయి, కాబట్టి రవాణా కూడా ధరలో కలుస్తుంది. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్‌కి వరంగల్ హైవే మీద వచ్చేటప్పుడు ఏ రెండు నర్సరీల దగ్గరైనా ఆగి, అవే మొక్కలు, అవే సైజులు అడిగి రాసుకోండి. అరగంట పని.

4. ఇప్పుడు కూడదాం

కింద రాసినవి లెక్క చూపించడానికి నేను పెట్టిన రేట్లు మాత్రమే. మీరు కనుక్కున్న రేట్లు పెట్టి మళ్లీ కూడండి.

మట్టి, ఒక ట్రాలీ: 3,500
పశువుల ఎరువు, 10 బస్తాలు × 150: 1,500
గడ్డి, 100 అడుగులు × 25: 2,500
మొక్కలు, 22 × 120: 2,640
ఒక పెద్ద పారిజాతం: 600
రాళ్లు, 30 అడుగులు × 90: 2,700
ఆటో, ట్రాలీ కిరాయిలు: 1,500
కూలి, ఇద్దరు 3 రోజులు, 6 × 1,000: 6,000

మొత్తం 20,940. పని పట్టినాయన మిగులు 25 శాతం అనుకుంటే ఇంకో 5,235. అంటే 26 వేల చిల్లర.

ఆ 25 శాతం ఎందుకివ్వాలి అని ఇంట్లో అడుగుతారు. మనలో ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్ చేసినవాళ్లకి ఈ జవాబు తెలుసు. "ఇది పది నిమిషాల పనే కదా తమ్ముడూ" అన్నప్పుడు ఒళ్లు మండుతుంది కదా! ఆయన కూడా మూడుసార్లు వచ్చి చూస్తాడు, మంచి మొక్క ఏరుతాడు, చచ్చిన మొక్కని మారుస్తాడు, పని లేని రోజులు ఇంట్లో కూర్చుంటాడు. మిగులు అంటే అదే.

5. మూడు కొటేషన్లు ఎలా చదవాలి

ముగ్గురు వచ్చి 45 వేలు, 28 వేలు, 17 వేలు చెప్పారనుకోండి. మన లెక్క 26 వేలు.

28 వేలు దగ్గరగా ఉంది, మాట్లాడొచ్చు.

45 వేలాయన్ని తిట్టక్కర్లేదు, "ఇందులో ఇంకేమున్నాయి?" అని అడగాలి. ఏడాది పాటు నెలకోసారి వచ్చి కత్తిరించడం ఉంటే, ఒక్కో రాకకి 800 చొప్పున 9,600 అవుతుంది. అప్పటికీ 9 వేలకు పైగా మిగులుతుంది. దానికి ఆయన దగ్గర జవాబుంటే సరే, లేకపోతే బేరం అక్కడ చేయాలి.

17 వేలు చూసి ఎగిరి గంతేయొద్దు. సామాను, కూలికే 20,940 అవుతుంటే ఆయన 17 వేలకి ఎలా చేస్తాడు? మట్టి తగ్గుతుంది, ఎరువు మాయమవుతుంది, లేదా పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ అన్నకి రోజు కూలి సగమే అందుతుంది. మనం మిగిలించుకున్నాం అనుకున్న డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో అడగాలి. న్యాయమైన ధర అంటే మనకి మాత్రమే న్యాయమైనది కాదు.

6. కొటేషన్‌లో రాయని ఖర్చు

అసలు ఖర్చు నీళ్లది. ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ నీళ్లంటే ఒక లీటరు. 100 చదరపు అడుగులు అంటే 9.3 చదరపు మీటర్లు. ఎండాకాలంలో గడ్డికి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు కావాలి, అంటే 46 లీటర్లు. మనం తాగే 20 లీటర్ల క్యాన్లు రెండింటికి పైనే. మార్చి నుంచి మే దాకా 90 రోజులకి 4,000 లీటర్లు దాటుతుంది. బోరు ఎండిపోయే కాలనీల్లో ఇది ట్యాంకర్ లెక్క. అందుకే గడ్డి 100 నుంచి 40కి తగ్గించి, మిగతా చోట కరివేపాకు, గన్నేరు, నందివర్ధనం పెట్టమని అడిగితే నీళ్ల ఖర్చు ఏటా తగ్గుతుంది.

కాలం కూడా ధరలో భాగమే. మే నెలలో నాటితే మొక్కలు చచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి రేటు ఎక్కువ చెప్తారు. మృగశిర కార్తె దాకా, అంటే జూన్ రెండో వారం దాకా ఆగితే వానలే సగం పని చేస్తాయి.

7. ఒప్పుకునే ముందు

వాట్సాప్‌లో ఈ ఆరు అడగండి: గడ్డి ఎన్ని అడుగులు? మట్టి ఎన్ని ట్రాలీలు, ట్రాలీ కొలత ఎంత? మొక్కలు ఎన్ని, ఏ కవర్ సైజు? పెచ్చులు ఎత్తడం ఇందులో ఉందా? నెలలోపు చచ్చిన మొక్క మారుస్తారా? డబ్బులు ఎన్ని విడతలు? సామానుకి కొంత, మట్టి పడ్డాక కొంత, మొక్కలు వేరు పట్టుకున్నాక చివరిది ఇవ్వడం ఇద్దరికీ మంచిది. కూలీల డబ్బు మాత్రం ఏ రోజుది ఆ రోజు అందేలా చూడండి.

బిల్లులో జీఎస్టీ కలిపితే నంబర్ అడగండి. అది 15 అంకెలు, అక్షరాలు కలిసిన నంబర్. తెలంగాణలో రిజిస్టర్ అయితే 36తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చెక్ చేయొచ్చు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ వసూలు చేయకూడదు.

బేరమాడొద్దు అని నేను చెప్పట్లేదు. "రెండు వేలు తగ్గించు" అనే బదులు "ఒక ట్రాలీ చాలు కదా అన్నా, రెండోది తీసేద్దాం" అనండి. మొదటి మాటకి ఆయన ఎక్కడో కోత పెడతాడు, ఎక్కడో మనకి తెలియదు. రెండో మాటకి ఏం తగ్గిందో ఇద్దరికీ తెలుస్తుంది.